సమాధానం: ఏబీఎస్, ట్రాక్షన్, స్టీరింగ్ లైట్లు మూడూ ఒకేసారి

అన్నా, కొత్త బ్యాటరీ కొనేముందు ఒక్క నిమిషం ఆగండి. బ్యాటరీ దిగిపోతోంది, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), ట్రాక్షన్ (చక్రాలు జారకుండా చూసేది), స్టీరింగ్ వార్నింగులు మూడూ కలిసి వెలుగుతున్నాయి, ఇంజిన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే మాయమవుతున్నాయి అన్నారు. మూడు భాగాలు కూడబలుక్కుని ఒకే రోజు చెడిపోవు కదా! ఇన్సూరెన్స్ డిస్కౌంటు కోసం స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టుకి (మెకానిక్ బండి లోపాలు చదివే సాకెట్) తగిలించిన డాంగిల్ మీదే, అంటే మీరు నడిపే తీరు నమోదు చేసే ఆ చిన్న పరికరం మీదే, నా అనుమానం.

ఆ పోర్టు 16వ పిన్నుకి, బండి ఆపేసినా 12 వోల్టులు వస్తూనే ఉంటాయి. 6, 14 పిన్నులు క్యాన్ బస్ (బండిలోని కంప్యూటర్లను కలిపే తీగల జత) తీగలు. చాలా కార్లలో ఇంజిన్, బ్రేకుల కంప్యూటర్లు మాట్లాడుకునేది క్యాన్ మీదే. సరిగ్గా తయారుకాని డాంగిల్ ఆ మాటల మధ్యలో దూరితే ఒకరి కబురు ఇంకొకరికి అందదు, లైట్లు వెలుగుతాయి. పైగా బండి ఆపాక కూడా ఆ కంప్యూటర్లను నిద్రపోనివ్వదు, అలా బ్యాటరీ దిగిపోతుంది.

నా టూ-డోర్ బండిదీ ఇదే గోల. ఓ రాత్రి గరాజ్ లైటు ఆర్పి చూస్తే, లాక్ చేసి రెండు గంటలైనా డాంగిల్ నీలం లైటు మిణుకుమంటూనే ఉంది. పీకేశాను, అంతే.

మీరూ పీకేసి వారం నడపండి. అయినా బ్యాటరీ దిగిపోతుంటే బ్యాటరీ నెగటివ్ కేబుల్ విప్పి, దానికీ బ్యాటరీకీ మధ్య వరుసలో మల్టీమీటరు (కరెంటు కొలిచే మీటరు) పెట్టండి. బండి నిద్రపోయాక కరెంటు మామూలుగా 50 మిల్లీఆంపియర్లు దాటకూడదు. మీటరు ఉండగా మాత్రం స్టార్ట్ చేయకండి, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.

డిస్కౌంటు పోతుందని బెంగైతే, డాంగిల్ బదులు ఫోన్ యాప్ ఉందేమో ఇన్సూరెన్స్ వాళ్ళని అడగండి.