సింగపూర్‌లో కుదిరిన రాజీ ఇక్కడ అమలవుతుందా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో చిన్న ఎగుమతి సంస్థ. బకాయి విషయమై మరో హైదరాబాద్ సంస్థతో సింగపూర్‌లో మధ్యవర్తి సమక్షంలో రాజీపత్రం రాసుకున్నాం. వారు మాట తప్పితే ఆ పత్రంతో ఇక్కడి కోర్టులో నేరుగా అమలు కోరవచ్చా?

జవాబు: ప్రస్తుతానికి కోరలేరు. మధ్యవర్తి సాయంతో కుదిరిన అంతర్జాతీయ వాణిజ్య రాజీలను సభ్యదేశాల కోర్టులు నేరుగా అమలు చేయాలన్నదే సింగపూర్ ఒప్పందం ఉద్దేశం. 2019 ఆగస్టు 7న, తొలిరోజే సంతకం చేసిన 46 దేశాల్లో భారత్ ఉన్నా, 2020 సెప్టెంబర్ 12 నుంచి అమల్లో ఉన్న ఆ ఒప్పందాన్ని మన ప్రభుత్వం ఇంకా ధ్రువీకరించలేదు, అంటే దానికి కట్టుబడతామని తుది ఆమోదం తెలపలేదు. సంతకానికి చూపిన తొందర తర్వాత కనిపించలేదనే చెప్పాలి. పైగా ఇరుపక్షాల వ్యాపార స్థానమూ హైదరాబాదే అయితే, ఒప్పంద బాధ్యతలు కూడా ఇక్కడివే అయిన పక్షంలో, అది ఆ ఒప్పందం పరిధిలోకే రాదు. కనుక మీ పత్రం కేవలం ఒక కాంట్రాక్టు; ఉల్లంఘన జరిగితే దావా వేయవలసిందే.

ఇకముందు విదేశీ సంస్థలతో వివాదం వస్తే ముందుగా ఆర్బిట్రేషన్ (ఇరుపక్షాలూ ఒప్పుకున్న ఆర్బిట్రేటర్ కట్టుబడవలసిన తీర్పు ఇచ్చే పద్ధతి) మొదలుపెట్టి, మధ్యలో మధ్యవర్తిత్వానికి (మధ్యవర్తి తీర్పు ఇవ్వకుండా రాజీకి సాయపడే పద్ధతికి) వెళ్లి, కుదిరిన షరతులను ఆర్బిట్రేటర్ చేత సమ్మతి అవార్డుగా, అంటే ఇరుపక్షాల అంగీకారంతో ఇచ్చే తీర్పుగా రాయించుకోండి. విదేశీ ఆర్బిట్రేషన్ తీర్పుల అమలు కోసం ఏర్పడిన, భారత్ చేరిన 1958 నాటి న్యూయార్క్ ఒప్పందం కింద దాని అమలును ఇక్కడ కోరవచ్చు. రాజీ పూర్తయ్యాక ఆర్బిట్రేటర్‌ను వెతుక్కుంటే మాత్రం, వివాదమే లేనప్పుడు అవార్డు ఎక్కడిదన్న అభ్యంతరం రావచ్చు.