లైవ్ పెట్టకు, ముందు కాగితం తీసుకో

చిరంజీవి చిన్నాకి,

పెదనాన్న ఆశీస్సులు. రాత్రి ఎనిమిదికి లైవ్‌లోకి వచ్చి జరిగిందంతా చెప్పేస్తానన్నావని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. రావద్దు. మిగతాది నిదానంగా చదువుకో, ముందు ఆ ఒక్కటీ ఆపు.

వీడియో బయటికి రాకముందే నీ నోటితో నువ్వే అమ్మకు చెప్పావట. అది విన్నాక నా కోపం సగం దిగింది. మిగిలిన సగం ఈ ఉత్తరంలో ఉంది, భరించు. ఫుట్‌బాల్ మ్యాచ్‌కి రెండు రోజుల ముందు అర్ధరాత్రి దాకా బయట తిరగడం ఒకటి. వీడియో తీస్తున్న కుర్రాడి చేతిలోంచి ఫోన్ లాక్కుని రోడ్డు మీద విసరడం రెండు. ఆ ఫోన్ అతని నెల జీతం అయ్యుండొచ్చు, ఆ సంగతి తట్టిందా నీకు? ఇక మూడోది, పొద్దున్నే కోచ్‌కి జ్వరమని మెసేజ్ పెట్టడం. ఈ మూడింట్లో నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ మూడోదే. ఎందుకో కింద చెబుతాను.

లైవ్ ఎందుకు వద్దంటే, అందులో నోరు జారితే వెనక్కి తీసుకోలేవు. కింద కామెంట్లు పరుగెడుతుంటాయి, ఎవడో ఒకడు అమ్మను తిడతాడు, నువ్వు జవాబిస్తావు. అసలు గొడవ పక్కకు పోయి ఆ జవాబే రేపటి వార్త అవుతుంది. పైగా ఆ కుర్రాడు పోలీసులకు ఫిర్యాదు ఇస్తే, లైవ్‌లో నువ్వన్న ప్రతి మాటా నీ వాంగ్మూలం లాగే చదువుతారు. 'చిన్నగా నెట్టాను' అన్నావనుకో, సీసీ కెమెరాలో అది గట్టిగా కనబడితే అబద్ధమాడినవాడివి అవుతావు.

ఫోన్లు చేయాల్సిన వరుస ఇది: ముందు టీమ్ మేనేజర్, తర్వాత ఆటగాళ్ల సంఘం లాయర్, ఆఖర్న ఏజెంట్. ఏజెంట్ చెడ్డవాడని కాదు, అతనికి ముందు గుర్తొచ్చేది నీ తర్వాతి కాంట్రాక్టు. క్లబ్ లాయర్ మర్యాదగానే మాట్లాడతాడు, కానీ అతను క్లబ్ మనిషి. క్లబ్‌కీ నీకూ దారులు వేరైన రోజున అతను నీ పక్కన కూర్చోడు. అందుకే నీకంటూ వేరే లాయర్ ఉండాలి. ఆ లాయర్ చూడకుండా ఈ రాత్రి ఏ కాగితం మీదా సంతకం పెట్టకు, అది 'మామూలు ఫారమే' అని ఎవరు చెప్పినా సరే.

ఇప్పుడు ఒక తెల్ల కాగితం తీసుకో. పైన 'నా లాయర్ కోసం' అని రాయి. ఎన్ని గంటలకు ఎక్కడికి వెళ్లావు, ఎవరెవరున్నారు, ఎన్ని గ్లాసులు తాగావు, ఆ కుర్రాడు ఏమన్నాడు, నువ్వేమన్నావు, ఏ చేత్తో ఫోన్ లాగావు, అది ఎక్కడ పడింది, అతనికి దెబ్బ తగిలిందా, ఎన్నింటికి ఇల్లు చేరావు, అన్నీ రాయి. గుర్తులేని చోట గుర్తులేదనే రాయి, ఊహించి పూరించకు. 'రెచ్చగొట్టాడు' అని రాయకు, అతనన్న మాటలే రాయి. వెళ్లిన క్యాబ్ రసీదు, బిల్లు, ఆ రాత్రి మెసేజ్‌లు, అన్నిటి టైములతో సరిచూసుకో. నువ్వు వెళ్లిన హోటల్ బయట కెమెరా ఫుటేజ్ ఉంటుంది, చాలా చోట్ల అది కొద్ది వారాల్లోనే చెరిగిపోతుంది. దాన్ని భద్రపరచమని లాయర్ చేత రేపే ఉత్తరం రాయించు. అందులో నీకు చెడ్డ పేరు తెచ్చేది ఉన్నా సరే, ఉండనీ.

జ్వరం సంగతికి వస్తాను. వీడియో మీద టైము ఉంటుంది, కోచ్‌కి నువ్వు పెట్టిన మెసేజ్ మీదా టైము ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడటం ఎవరికైనా చిటికెలో పని. 2024 జనవరిలో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు మార్కస్ రాష్‌ఫర్డ్ బెల్‌ఫాస్ట్‌లో రాత్రి బయట కనబడ్డాడు, తర్వాత అనారోగ్యమని ట్రైనింగ్‌కు రాలేదు. న్యూపోర్ట్ కౌంటీతో ఎఫ్ఏ కప్ మ్యాచ్‌లో అతన్ని పక్కన పెట్టారు. అతను బాధ్యత ఒప్పుకున్నాడని క్లబ్ ప్రకటించి, లోపలి వ్యవహారంగా అక్కడితో ముగించింది. బయట తిరిగినందుకు పడే తిట్లు కొన్నాళ్లకు ఆగుతాయి. కోచ్‌తో అబద్ధమాడితే మాత్రం, నీకు నిజంగా కండరం పట్టేసిన రోజున కూడా ఆయన నీ మొహంలోకి ఓసారి అనుమానంగా చూస్తాడు. టీమ్ డాక్టర్ కూడా అంతే. అందుకని వీడియో గురించి ఆయన అడగకముందే ఫోన్ చేయి. 'సార్, నాకు జ్వరం లేదు. రాత్రి బయటికి వెళ్లాను, భయపడి అబద్ధం చెప్పాను' అని రెండు ముక్కలు చెప్పి ఆగిపో. ఆయన తిడితే తిట్టనీ. మధ్యలో కారణాలు చెప్పకు.

ఫోన్‌లోంచి ఏదీ చెరపకు. మెసేజ్‌లు, ఫొటోలు, కాల్ లిస్టు, ఏదీ. ఎబ్బెట్టుగా ఉన్నవి ముందు లాయర్‌కి చూపించు. పందెం కాసినవాళ్లకు లాభం రావాలని మ్యాచ్‌లో కావాలనే పసుపు కార్డులు తెచ్చుకున్నాడని బ్రెజిల్ ఆటగాడు లూకాస్ పకేటా మీద 2024 మేలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ అభియోగం మోపింది. 2025 జులైలో ఆ అసలు అభియోగం నిలబడలేదు. కానీ విచారణకు సహకరించలేదన్న అభియోగాల్లో మాత్రం తప్పు తేల్చారు. చూశావా, చేయని తప్పుకి విచారణ జరిగినా ఆ విచారణలో ఎలా నడుచుకున్నావన్నది వేరే ఖాతా.

ఫోన్ అనేసరికి నా అసలు భయం బయటికొస్తోంది. ఈ గొడవలో ఎవరైనా నీ ఫోన్ అడిగితే అందులో ఇంకేం ఉన్నాయి? పందేలు ఉన్నాయా? నువ్వు కాయవని నమ్ముతున్నాను. నీ స్నేహితుల గ్రూప్ సంగతేంటి మరి?

ఇంగ్లండ్ ఆటగాడు కీరన్ ట్రిప్పియర్ కథ నీకు తెలిసే ఉంటుంది, కానీ పైపైన. 2019 జులైలో అతను టోటెన్‌హామ్ క్లబ్ వదిలి స్పెయిన్ క్లబ్ అట్లెటికో మాడ్రిడ్‌కి వెళ్తున్నాడు. అతను పందెం కాయలేదు. స్నేహితులు వాట్సాప్‌లో అడిగితే ఆ బదిలీ బేరం ఎంతవరకు వచ్చిందో మామూలుగా చెబుతూ వచ్చాడు, అంతే. పందెం కాయమంటావా అని ఒకడు అడిగితే, కావాలంటే కాయి అన్నట్టు జవాబిచ్చాడు. స్నేహితుల మధ్య రోజూ నడిచే మాటలే అవి, ఆ క్షణంలో ఎవరికీ నేరంలా కనబడవు. ఎవరో కొత్తగా అకౌంట్ తెరిచి ఒకే ఆటగాడి బదిలీ మీద డబ్బు పెడితే మాత్రం బెట్టింగ్ కంపెనీ లెక్కల్లో అది ఎర్రగా మెరుస్తుంది. ఇలాంటి సమాచారం కంపెనీల నుంచి అసోసియేషన్‌కి చేరుతుంది, అక్కడి నుంచి ఆ అకౌంట్ ఎవరిది, అతనికి ఏ ఆటగాడు స్నేహితుడు అని వెతుక్కుంటూ వస్తారు. ట్రిప్పియర్ మీద ఏడు అభియోగాలు మోపారు, నాలుగు రుజువయ్యాయి. 2020 డిసెంబరులో 10 వారాల నిషేధం, 70,000 పౌండ్ల జరిమానా. ఇంగ్లండ్ వేసిన శిక్షను ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ప్రపంచమంతటికీ వర్తింపజేసింది. అప్పటికి అతను ఆడుతున్నది స్పెయిన్‌లో. టైటిల్ కోసం పోరాడుతున్న అట్లెటికోకి ఈ వ్యవహారంతో ఏ సంబంధమూ లేదు, అయినా సీజన్ మధ్యలో కుడివైపు డిఫెండర్ అయిన అతను లేకుండా ఆడాల్సి వచ్చింది.

ఇంగ్లండ్‌లో 2014 ఆగస్టు నుంచి ఆటగాళ్లకు ఉన్న నిబంధన ఇదే: ప్రపంచంలో ఎక్కడి ఫుట్‌బాల్ మీదా పందెం కాయకూడదు. మ్యాచ్ ఒక్కటే కాదు, ఎవరు ఏ క్లబ్‌కి పోతారు, ఏ కోచ్‌ని తీసేస్తారు అన్నదానిమీదా కాయకూడదు. జనానికి తెలియని లోపలి సంగతి పందానికి వాడుకునేవాళ్ల చెవిన వేయకూడదు. ఎవరికి మోకాలు వాచింది, రేపు ఎవరు బెంచ్ మీద ఉంటారు, పెనాల్టీ ఎవరు కొడతారు, ఇవన్నీ ఆ లోపలి సంగతులే. వాయిస్ మెసేజ్ అయినా అంతే, బార్బర్ కుర్చీలో కూర్చుని చెప్పినా అంతే. మన కుటుంబం గ్రూప్‌లో బావ ప్రతి శుక్రవారం 'రేపు ఆడుతున్నావా?' అని అడుగుతాడు చూడు, నువ్వు బొటనవేలు గుర్తు పెడతావు. దాన్ని ఆపు. బావ మంచివాడే, ఆయన ఆఫీసులో ఆయన పక్క సీటువాడు ఎలాంటివాడో నాకూ తెలియదు, నీకూ తెలియదు. నేను అడిగినా చెప్పకు. 'ఆట సంగతులు అడక్కండి' అని గ్రూప్‌లో ఒక్కసారి రాసేయ్. ఎవరికైనా కోపమొస్తే నా పేరు చెప్పు.

ఒకవేళ నువ్వే ఎప్పుడైనా కాసి ఉంటే, ఎంత చిన్న మొత్తమైనా, నా దగ్గర దాచినా లాయర్ దగ్గర దాచకు. పందేలు కాసినందుకు ఇటలీ ఆటగాడు సాండ్రో టొనాలికి 2023లో ఆ దేశం 10 నెలల నిషేధం వేసింది, దానిపైన 8 నెలల చికిత్స, 16 చోట్ల మాట్లాడి రావాలన్న షరతు. ఇంగ్లండ్ క్లబ్ న్యూకాజిల్‌కి వచ్చాక కాసిన పందేల సంగతి తనే చెప్పుకున్నాడు. ఆ 50 ఉల్లంఘనలకు ఇంగ్లండ్ 2024లో వేసిన రెండు నెలల నిషేధాన్ని అమలు చేయకుండా సస్పెండ్ చేసింది. ఇంగ్లండ్ ఆటగాడు ఐవన్ టోనీకి ఇలాంటివే 232 ఉల్లంఘనలకు 8 నెలలు పడింది. జూదం వ్యసనమైతే దానికి వైద్యం ఉంది, సంఘం ద్వారా గుట్టుగా చేయిస్తారు.

స్నేహితుల విషయంలో ఇంకో మాట. ఆ రాత్రి నీ వెంట ఉన్నవాళ్లలో ఎవరి దగ్గరైనా రెండో వీడియో ఉందా? ఈ రాత్రే తెలుసుకో. ఉంటే పోస్ట్ చేయొద్దని, చెరపొద్దని రెండూ చెప్పు. నిన్ను వెనకేసుకొస్తూ ఎవరూ ఏమీ రాయకూడదు. 2022లో వెస్ట్ హామ్ క్లబ్ ఆటగాడు కర్ట్ జుమా తన ఇంట్లో తన పిల్లిని కొట్టిన వీడియోని బయటపెట్టింది పగవాడు కాదు, స్వయానా తమ్ముడు, తన స్నాప్‌చాట్‌లో. క్లబ్ రెండు వారాల జీతం జరిమానా వేసింది, అడిడాస్ వదిలేసింది, కోర్టు 180 గంటల సమాజసేవ విధించి ఐదేళ్లు పిల్లిని పెంచకూడదంది.

నీ పాత పోస్టులు కూడా ఇప్పుడు జనం తవ్వుతారు. ఆండ్రీ గ్రే అనే ఆటగాడు స్వలింగ సంపర్కులను కించపరుస్తూ 2012లో పెట్టిన ట్వీట్లు 2016లో, అదీ ప్రీమియర్ లీగ్‌లో గోల్ కొట్టిన వెంటనే బయటపడి, అతనికి నాలుగు మ్యాచ్‌ల నిషేధం పడింది. నీకు పద్నాలుగేళ్లప్పుడు ఏం రాశావో నీకే గుర్తుండదు. ముందు మొత్తం డౌన్‌లోడ్ చేసి లాయర్‌కి ఇవ్వు, తీయాలో వద్దో ఆయన చెబుతాడు. ఈ రాత్రి గుట్టలుగా చెరిపేస్తే దొంగలా కనబడతావు.

క్షమాపణ రాతపూర్వకంగా, ఒక్కసారే. ఎనభై మాటలు దాటనీయకు. ఏం చేశావో మామూలు మాటల్లో, ఎవరికి నష్టం జరిగిందో, దానికి ఏం చేస్తున్నావో, క్లబ్ విచారణకు వస్తానని, అంతే. 'ఎవరైనా బాధపడి ఉంటే' అని రాయకు, ఆ కుర్రాడు బాధపడ్డాడు కాబట్టే రాస్తున్నావు. 'ఇది నేను కాదు' అనీ రాయకు. ఏజెంట్ ఆఫీసులో వండిన భాష వద్దు, నువ్వు మాట్లాడే తీరులోనే ఉండాలి. క్లబ్ చూశాకే బయటికి రావాలి, కామెంట్లు ఆపేసి పెట్టాలి. ఆ కుర్రాడికి నువ్వు నేరుగా ఫోన్ చేయకు, ఎవరితోనూ డబ్బు పంపకు. ఫోన్ ఖరీదు కట్టాల్సిందే, కానీ లాయర్ ద్వారా, రసీదుతో. చాటుగా ఇస్తే సాక్షిని కొనబోయాడంటారు.

శిక్ష మూడు వైపుల నుంచి రావచ్చు: క్లబ్, అసోసియేషన్, పోలీసులు. ఒకటి ముగిస్తే రెండోది ముగిసినట్టు కాదు. కాంట్రాక్టులో క్రమశిక్షణ క్లాజు తీసి జరిమానా ఎంతవరకు వేయొచ్చో, అప్పీలుకు ఎన్ని రోజులుందో చూసుకో, ఆ గడువు చాలా చిన్నది. బూట్ల కంపెనీ ఒప్పందంలోనూ పేరు చెడితే రద్దు చేసుకునే క్లాజు ఉంటుంది. వాళ్లకు వార్త పేపర్లో తెలియకముందే ఏజెంట్ చెప్పాలి.

రేపు ట్రైనింగ్‌కి అరగంట ముందే వెళ్లు. గేటు దగ్గర కెమెరాలుంటాయి. హుడీ మొహం మీదికి లాక్కోకు, పరుగెత్తకు. గుడ్ మార్నింగ్ చెప్పి లోపలికి పో. వాళ్లు అమ్మ పేరెత్తినా ఆగకు. తిట్ల మెసేజ్‌లు నువ్వు చదవొద్దు, అకౌంట్ పాస్‌వర్డ్ క్లబ్ మీడియా వాళ్లకిచ్చి బెదిరింపులకు మాత్రం స్క్రీన్‌షాట్ తీయించు. అమ్మ, చెల్లి అకౌంట్లు ఈ రాత్రే ప్రైవేట్ చేయించు.

పందొమ్మిదేళ్లు నీకు. 2020 సెప్టెంబరులో ఐస్‌లాండ్‌లో ఇంగ్లండ్ తరఫున మొదటి మ్యాచ్ ఆడిన ఫిల్ ఫోడెన్‌ని, కొవిడ్ నిబంధన తప్పినందుకు అక్కడినుంచే విమానమెక్కించి ఇంటికి పంపేశారు. ఇరవై ఏళ్లవాడు. నవంబరులో మళ్లీ పిలిచారు, వెంబ్లీలో అదే ఐస్‌లాండ్ మీద రెండు గోల్స్ కొట్టాడు. నిన్నూ పిలుస్తారు. ఎప్పుడని నన్నడగకు, బెంచ్ మీద కూర్చోబెడితే కూర్చో, టీమ్‌లో పేరు లేకపోతే రిజర్వ్ వాళ్లతో పరుగెత్తు.

కాగితం రాయడం అయ్యాక ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపేవు, పంపకు. లాయర్‌కి తప్ప ఎవరికీ వెళ్లకూడదు. ఈ ఉత్తరంలో ఏదైనా అర్థం కాకపోతే ఫోన్ చేయి, ఎంత రాత్రయినా ఎత్తుతాను.

పెదనాన్న