వినికిడి పరీక్ష నార్మల్.. మరి మోతలో మాట ఎందుకు అర్థం కావడం లేదు?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. పర్లాకిమిడిలో రైస్ మిల్లులో చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. నలుగురూ ఉన్నచోట ఎదుటివారి గొంతు వినిపిస్తుంది, ఏమన్నారో మాత్రం తెలియడం లేదు. రైతులు ఒడియాలో మాట్లాడితే మరీ కష్టం. రాత్రి పడుకుంటే రెండు చెవుల్లోనూ కుయ్‌మని మోత. శ్రీకాకుళంలో పరీక్ష చేయిస్తే నార్మల్ అన్నారు. ఇంట్లో అంతా నా భ్రమేనంటున్నారు. మెదడులో ఏమైనా తేడా ఉందా? టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు

జవాబు: మీ ఇబ్బంది నిజమే, రిపోర్టూ నిజమే. ఆ పరీక్షలో నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూర్చోబెట్టి, సాధారణంగా 250 నుంచి 8,000 హెర్ట్జ్ దాకా ఒక్కో బీప్ వినిపిస్తారు. మిల్లులో మాట పట్టుకోగలరా లేదా అన్నది అందులో తెలియదు.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా ఉంటుంది. అందులో హార్మోనియం మెట్ల మాదిరిగా ఒక కొస కీచు స్వరాలకు, మరో కొస బొంగురు స్వరాలకు స్పందిస్తుంది. మెదడులో వినికిడిని చూసుకునే న్యూరాన్లూ (నాడీ కణాలూ) ఇదే వరుసలో ఉంటాయి. సన్నటి బీప్ ఒక్కటే వస్తే ఆ స్వరానికి సంబంధించిన కొద్ది న్యూరాన్లు స్పందిస్తే చాలు. మిల్లు మోతలో అన్ని స్వరాలూ కలిసి ఉంటాయి కాబట్టి ఎక్కువ న్యూరాన్లు ఒకేసారి ఆ మోతతోనే సతమతమవుతాయి. మామూలుగా అయితే ఆగకుండా వచ్చే శబ్దానికి అవి కాసేపట్లో స్పందన తగ్గించుకుని, మారుతూ ఉండే మాట మీదికి మళ్లుతాయి. అందుకు చెవి నుంచి సమాచారం సరిగ్గా అందాలి. ఒక్కో చెవి నుంచి సుమారు 30 వేల నాడీ తంతువులు వెళ్తాయి. ఏళ్ల తరబడి మోతలో ఉంటే లోపలి చెవిలోని కణాలతో వాటికుండే కనెక్షన్లు దెబ్బతినే అవకాశం ఉంది. 2009లో వెలువడిన ఎలుకల ప్రయోగంలో, పెద్ద శబ్దం తర్వాత వినికిడి మళ్లీ మామూలైనా చాలా కనెక్షన్లు శాశ్వతంగా పోయాయని తేలింది. మనుషుల్లో దీన్ని కచ్చితంగా పట్టే పరీక్ష ఇంకా లేదు. మీ విషయంలో నాది అనుమానం మాత్రమే.

ఒడియా సంగతి: సగం వినబడిన మాటను మెదడు అలవాటైన భాషలోనే త్వరగా పూరించుకుంటుంది. తెలుగు ఇంటి భాష కాబట్టి ఆ పని సాగిపోతోంది. ఇక రాత్రి మోతంటారా, చెవి నుంచి వచ్చే సమాచారం తగ్గినప్పుడు మెదడు తన వాల్యూమ్ తానే పెంచుకోవడం వల్ల వస్తుందని భావిస్తున్నాం. పడుకునేటప్పుడు ఫ్యాన్ చప్పుడు లాంటిది సన్నగా ఉంటే కొంత ఉపశమనం.

ఈసారి బరంపురంలోనో విశాఖలోనో ఆడియాలజిస్టును (వినికిడి పరీక్షల నిపుణుణ్ని) కలిసి, మోతలో మాట వినే పరీక్ష కావాలని అడగండి. ముందుగా చెవిలో గులిమి ఉందేమో చూపించుకోండి. ఇంట్లో నూనె మాత్రం పోయొద్దు. మిల్లులో ఇయర్‌ప్లగ్‌లు తప్పనిసరి, దూది అడ్డుకోదు. చేయి చాపినంత దూరంలోని మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే మోత 85 డెసిబెల్స్ దాటినట్టే లెక్క. 85 దగ్గర రోజుకు 8 గంటలు హద్దు, 88కి చేరితే 4 గంటలే.

ఒక్క చెవిలోనే మోత వచ్చినా, గుండె కొట్టుకునే లయలో వినిపించినా, తల తిరిగినా వెంటనే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. వినికిడి ఉన్నట్టుండి తగ్గితే మర్నాటి దాకా కూడా ఆగొద్దు.