పత్తికి, మిర్చికి ఏ పంపు కొనాలి, కొన్నదాన్ని ఎలా కాపాడుకోవాలి

మూడెకరాల పత్తి, ఎకరం మిర్చి, రెండెకరాల వరి ఉన్నాయనీ, మందు కొట్టే పాత చేతిపంపు సరిగా పనిచేయడం లేదనీ చెబుతూ, బ్యాటరీ పంపు కొనాలా, పెట్రోలు ఇంజనుతో నడిచే తైవాన్ పంపు కొనాలా, కొన్నది నాలుగు కాలాలు మన్నాలంటే ఏం చేయాలని మీరు అడిగారు. నేను ఖమ్మం జిల్లాలో ఇరవై రెండేళ్లుగా పత్తి, మిర్చి, కొంత వరి సాగు చేస్తున్నాను. ఈ మూడు రకాల పంపులనూ భుజాన మోశాను, ఒక ఏడాది ఎకరంన్నర పత్తిని నా చేతులారా దెబ్బతీసుకున్నాను. అందుచేత పంపు గురించి కంటే దాని చివర ఉండి తుంపరను వెదజల్లే నాజిల్ గురించి, పని ముగిశాక పంపును కడిగే తీరు గురించి ఎక్కువగా చెబుతాను. మందు వృథా కాకుండా పంటకు పట్టడం చాలావరకు ఆ రెంటి మీదే ఆధారపడి ఉంటుందని నా అనుభవం.

ముందుగా ఎంపిక సంగతి. మీకున్న భూమికి 16 లీటర్ల బ్యాటరీ పంపు చాలు. చేతిపంపుతో పొద్దున మొదటి ట్యాంకుకు ఉన్న ఒత్తిడి పదో ట్యాంకుకు ఉండదు. చెయ్యి అలసిన కొద్దీ తుంపర లావెక్కి, మందు ఆకు మీద నిలవక జారిపోతుంది. బ్యాటరీ పంపులో మోటారు ఒకే తీరున తోస్తుంది కనుక చేను ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా సమానంగా తడుస్తుంది. తైవాన్ పంపుతో పని త్వరగా తెములుతుందన్న మాట నిజమే. కానీ నిండు ట్యాంకుతో ముప్పై కిలోలు దాటే బరువు, వీపు వెనుక ఇంజను వేడి, చెవుల్లో హోరు, ఇవన్నీ భరించగల మనిషి మీ ఇంట్లో ఉన్నారా అన్నది ఆలోచించుకోవాలి. టూ స్ట్రోక్ ఇంజను అయితే పెట్రోలులో ఆయిల్ సరైన పాళ్లలో కలపాలి, ఒక్కసారి మరిచిపోయినా పిస్టన్ పట్టేస్తుంది. పైగా అంత ఒత్తిడికి తుంపర మరీ సన్నబడి, కొంచెం గాలి వీచినా పక్క చేలోకి కొట్టుకుపోతుంది. పది పన్నెండు ఎకరాలు ఉన్నవారికి, కూలికి మందు కొట్టేవారికి అది గిట్టుబాటు అవుతుంది గానీ, మీకు అవసరం లేదని నా ఉద్దేశం.

దుకాణంలో పంపు పైమెరుపు చూసి కొనకండి. 12 వోల్టుల బ్యాటరీ మీద సామర్థ్యం 8 ఆంపియర్ అవర్ అని ఉందా, 12 అని ఉందా చదవండి. ధర కొంత ఎక్కువైనా 12 ఉన్నదే తీసుకుంటే చేను మధ్యలో ఆగిపోయే బాధ తగ్గుతుంది. ట్యాంకులో నీళ్లు పోయించి పది నిమిషాలు అక్కడే నడిపించండి. ట్రిగ్గర్ వదలగానే మోటారు తనంతట తాను ఆగుతుందా, గొట్టం కలిసే చోట చెమ్మ వస్తుందా అన్నది అప్పుడే తేలిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, దాని వాషర్లు, స్విచ్, మోటారు మీ మండల కేంద్రంలో దొరకాలి. ధర తక్కువని నేనొకసారి పట్నంలో పేరు తెలియని పంపు కొన్నాను. రెండు నెలలకే స్విచ్ చెడిపోయింది, దానికి సరిపోయే స్విచ్ ఎక్కడా దొరకలేదు. పత్తిలో పచ్చదోమ ఉధృతంగా ఉన్న వారం రోజులూ ఇరుగుపొరుగు వారి పంపు ఖాళీ అయ్యేదాకా కాచుకొని కూర్చున్నాను.

ఇక నాజిల్. పురుగు మందులకూ తెగుళ్ల మందులకూ తుంపరను గుండ్రంగా, మధ్యలో ఖాళీగా వెదజల్లే హాలో కోన్ నాజిల్ వాడాలి. కలుపు మందుకు మాత్రం నేల మీద పట్టీలా పరుచుకునే ఫ్లాట్ ఫ్యాన్ లేదా ఫ్లడ్ జెట్ నాజిల్ వాడి, ఒత్తిడి తగ్గించి, నాజిల్‌ను నేలకు దగ్గరగా పట్టుకొని కొట్టాలి. ఈ తేడా చాలామందికి తెలుసు. నాజిల్ అరుగుతుందన్న సంగతినే పట్టించుకోరు. పొడి మందుల్లోని నలుసులు, నీటిలోని ఇసుక దాని రంధ్రాన్ని కొద్దికొద్దిగా పెద్దది చేస్తాయి, కంటికి ఏమీ తెలియదు.

ఆరేళ్ల కిందట రెండు నాజిళ్లు పక్కపక్కనే ఉండే నా జంట నాజిల్‌ను కొలిచి చూశాను. ఒక్కొక్క నాజిల్‌కు ఖాళీ నీళ్ల సీసా పెట్టి, ఫోనులో నిమిషం చూసుకుని వచ్చిన నీటిని కొలిచాను. కొత్తది నిమిషానికి 600 మిల్లీలీటర్లు ఇస్తుండగా, రెండు పంట కాలాలు వాడిన పాతది 780 ఇచ్చింది. మూడడుగుల సాళ్ల పత్తిలో ఎకరానికి సుమారు నాలుగున్నర కిలోమీటర్లు నడవాలి. నా నడకకు దాదాపు రెండు గంటలు పడుతుంది. కొత్త నాజిళ్లతో ఎనిమిదిన్నర ట్యాంకులు అయ్యే చోట పాతవాటితో పదకొండు ట్యాంకులు అవుతున్నాయి. మనం మందును ట్యాంకు లెక్కన పోస్తాం కనుక, ఎకరానికి మూడో వంతుకు దగ్గరగా మందు అదనంగా పోయింది. పురుగేమైనా ఎక్కువగా చచ్చిందా అంటే అదీ లేదు, ఎందుకంటే లావు చుక్కలు ఆకు మీద నిలవవు. కొత్త నాజిల్ కంటే పది శాతం ఎక్కువ నీరు వస్తే దాన్ని తీసేయాలన్నది ఆ రోజు నుంచి నా ఇంటి నియమం. వందల్లో పోయే మందు ముందు నాజిల్ ఖరీదు లెక్కలోకి రాదు.

ఆ లెక్కలోంచే మరో మాట. మందు సీసా మీద ఎకరానికో హెక్టారుకో ఎంత అని ఉంటుంది. మీ నడకకు, మీ నాజిల్‌కు ఎకరానికి ఎన్ని ట్యాంకులు పడతాయో ఒకసారి ఉత్త నీళ్లతో కొట్టి చూసుకుని, ఆ మోతాదును అన్ని ట్యాంకులకు పంచండి. దుకాణదారు చెప్పే 'ట్యాంకుకు ఒక మూత' లెక్కకు మీ చేను గురించి ఏమీ తెలియదు.

మిర్చి విషయంలో నాజిల్ పట్టుకునే తీరు కూడా ముఖ్యం. 2021-22లో నల్ల తామర పురుగు మా ప్రాంతపు మిర్చి పూతను తినేసినప్పుడు మూడు రోజులకోసారి మందు కొట్టినా లాభం లేకపోయింది. అది పువ్వు లోపల దాక్కుంటుంది, మేమేమో మొక్క పైభాగం తడిస్తే చాలనుకున్నాం. ఇప్పుడు లాన్స్‌ను, అంటే చివర నాజిల్ ఉండే పొడవాటి గొట్టాన్ని, మొక్క పక్క నుంచి, కింది నుంచి పైకి తిప్పుతూ కొడుతున్నాను. ఎకరానికి పది లీటర్ల నీటితో కొట్టే డ్రోన్ బురదలో దిగాల్సిన వరికి మేలే గానీ, పువ్వుల్లో దాగిన పురుగుకు మనిషి చేతిలోని నాజిల్ మీదే నాకు నమ్మకం.

పత్తిని ఎలా దెబ్బతీసుకున్నానో ఇప్పుడు చెబుతాను. వరిలో 2,4-డి కలుపు మందు కొట్టిన పంపును ఒక్కసారి నీళ్లతో కడిగి, నాలుగు రోజుల తరువాత అదే పంపుతో పత్తికి మందు కొట్టాను. వారం తిరిగేసరికి లేత ఆకులు వెడల్పు పోయి, బెండాకుల్లా చీలి, వేళ్లలా సన్నగా సాగాయి, ఈనెలు దగ్గరగా పేరుకున్నాయి. మొదట వైరస్ తెగులనుకుని ఇంకో మందు కొన్నాను కూడా. వ్యవసాయ విస్తరణాధికారి వచ్చి ఆకు చూసి, 'ఈ పంపుతో ఇంతకు ముందు ఏం కొట్టారు?' అని ఒకే ప్రశ్న అడిగారు. ఆ చేను తేరుకోవడానికి నెలన్నర పట్టింది, మొదటి కాపు మొత్తం పోయింది. పత్తి ఈ మందును అణువంత కూడా తట్టుకోలేదు. గొట్టం లోపలి గోడకూ వాషర్లకూ పట్టుకొన్నది ఒక్క కడుగుకు పోదు. కలుపు మందుకు వేరే పంపు ఉండి తీరాలి. తప్పనిసరై ఒకే పంపు వాడితే చాకలి సోడా కలిపిన నీళ్లను ట్యాంకులో, గొట్టంలో, లాన్స్‌లో నింపి రాత్రంతా ఉంచి, మరునాడు మూడుసార్లు మంచినీళ్లతో కడగాలి. అలా కడిగినా పత్తిలో, మిర్చిలో ఆ పంపును వాడే ధైర్యం నాకు లేదు.

రోజువారీ శుభ్రతకు పావుగంట చాలు. మిగిలిన మందును పంపులో నిలవ ఉంచవద్దు. మూడుసార్లు కొద్దికొద్దిగా నీళ్లు పోసి కుదిపి, ప్రతిసారీ నాజిల్ గుండానే బయటికి పంపండి. ఆ నీళ్లను మందు కొట్టిన చేలోనే చల్లండి గానీ, బోరు దగ్గర, కాలువలో వద్దు. జల్లెడను, నాజిల్‌ను విప్పి పాత పళ్ల బ్రష్‌తో రుద్దండి. సూదితో, తీగతో పొడిస్తే రంధ్రం పాడవుతుంది. నోటితో ఊదడం ప్రాణం మీదికి తెస్తుంది. ఈసీ మందుల్లోని (నీటిలో కలిపితే పాలలా మారే నూనె రకం మందులు) ద్రావణాలు రబ్బరును ఉబ్బిస్తాయి కాబట్టి ఏటా పంట కాలం మొదట్లోనే వాషర్ల సెట్టు మార్చేయండి. ట్యాంకు భుజాన ఉన్నప్పుడు వాషర్ పోతే మందు వీపు మీదే కారుతుంది.

మామూలు లెడ్ బ్యాటరీని ఖాళీ చేసి పక్కన పెడితే చచ్చిపోతుంది. పని అయిన రోజే ఛార్జింగ్ పెట్టండి, పని లేని వేసవిలో కూడా నెలకోసారి పెట్టండి. ఇలా చూసుకున్న నా బ్యాటరీ నాలుగో ఏడు నడుస్తోంది.

2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషప్రభావంతో పలువురు రైతులు, కూలీలు చనిపోయారు. పత్తి ఛాతీ ఎత్తు పెరిగాక తుంపర మన ముఖం దగ్గరే ఉంటుంది. నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు, మాస్కు, కళ్లద్దాలు లేకుండా చేలో దిగవద్దు, కూలివారిని దించవద్దు. గాలి మన వైపు వీచకుండా సాలు ఎంచుకుని, ఎండ ముదరకముందే పని ముగించండి.

మీ పాత చేతిపంపును మాత్రం తూకానికి అమ్మేయకండి. వాషర్లు మార్పించి, ఫ్లడ్ జెట్ నాజిల్ బిగించి, ట్యాంకుకు ఎర్ర రంగు పూసి కలుపు మందుకు ఉంచుకోండి. కలుపు మందుకు తక్కువ ఒత్తిడే కావాలి కనుక అది ఇంకా చాలా ఏళ్లు పనికొస్తుంది, ఆ ఎర్ర రంగు చూస్తే కూలికి వచ్చినవారు కూడా దాన్ని పత్తిలోకి తీసుకెళ్లరు.