టెక్ సందేహాలు: కారు కొనేముందు మీ కిలోమీటర్లు లెక్కపెట్టండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా కార్ల మీదే ఉన్నాయి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలు వచ్చేవారానికి పెట్టి ఇవాళ కార్ల సంగతే చూద్దాం.

గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను, ఉద్యోగం విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర. రోజూ రానూపోనూ 70 కిలోమీటర్లు. పెట్రోలు, సీఎన్‌జీ, ఎలక్ట్రిక్... ఏది తీసుకోమంటారు? ఫ్రెండ్స్ తలా ఒకటి చెబుతున్నారు.

వాళ్లు చెప్పేది తప్పని కాదు, ఎవరి తిరుగుడును బట్టి వాళ్లు చెబుతారు. ఆదివారం మాత్రమే కారు తీసేవాడికి పెట్రోలు కారు బాగానే ఉంటుంది. మీది నెలకి సుమారు 1,500 కిలోమీటర్లు, కాబట్టి మీ లెక్క వేరు.

పెట్రోలు లీటరు 110 రూపాయలనుకుందాం. సిటీ, హైవే కలిపి 17 ఇచ్చే కారయితే నెలకి 88 లీటర్లు, అంటే దగ్గర దగ్గర 9,700 రూపాయలు. అదే కారు సీఎన్‌జీలో కిలోకి 24 ఇస్తే, కిలో 90 చొప్పున 5,600 అవుతుంది. ఎలక్ట్రిక్ యూనిట్‌కి 7 కిలోమీటర్లు ఇస్తుందనుకోండి, చార్జింగ్‌లో పోయేది కూడా కలుపుకుంటే 240 యూనిట్లు కావాలి. ఇంటి మీటరు మీద పెడితే పై స్లాబ్‌లోకి వెళ్తారు కాబట్టి యూనిట్ పది రూపాయలే వేద్దాం, 2,400. ఇవి నేను వేసుకున్న ధరలు, మీ బంకులో, మీ కరెంటు బిల్లులో ఉన్న అంకెలు పెట్టి మళ్లీ వేయండి.

ఇప్పుడు అసలు ప్రశ్న: మొదట్లో ఎక్కువ పెట్టిన డబ్బు ఎన్నాళ్లకి తిరిగొస్తుంది? సీఎన్‌జీకి 95 వేలు ఎక్కువ పెట్టారనుకుంటే నెలకి నాలుగు వేల పైన మిగులుతుంది కాబట్టి రెండేళ్లలో వచ్చేస్తుంది. ఎలక్ట్రిక్‌కి 4 లక్షలు ఎక్కువైతే నెలకి 7,300 మిగిలినా నాలుగున్నరేళ్లు పైనే పడుతుంది. ఏడెనిమిదేళ్లు ఉంచుకునేవాళ్లయితే ఎలక్ట్రిక్, నాలుగేళ్లకి మార్చే అలవాటుంటే సీఎన్‌జీ.

కానీ లెక్క కంటే ముందు మీ పార్కింగ్ చూడండి. మీ సొంత స్లాట్‌లో 15 ఆంప్స్ పాయింటు, మంచి ఎర్తింగ్ పెట్టుకోగలిగితేనే ఎలక్ట్రిక్ గురించి ఆలోచించండి. రాత్రి పెట్టి పొద్దున తీస్తే సరిపోతుంది, మీకు రెండు రోజులకోసారి చాలు. అపార్ట్‌మెంట్‌లో పాయింటుకి ఒప్పుకోకపోతే రోజూ బయట చార్జింగ్ స్టేషన్ మీద ఆధారపడి ఎలక్ట్రిక్ కొనొద్దు, ఆ టెన్షన్ మీకెందుకు! సీఎన్‌జీ అయితే కంపెనీ అమర్చి ఇచ్చిందే తీసుకోండి, బయట కిట్ వేయిస్తే వారంటీకి ఇబ్బంది. సిలిండర్‌కి మూడేళ్లకోసారి ప్రెజర్ టెస్ట్ తప్పనిసరి అన్నది కూడా గుర్తుంచుకోండి, చాలామంది మర్చిపోతారు.

టోల్ సంగతి అడగలేదు గానీ చెబుతాను, ఏ కారు కొన్నా కాజ దగ్గర కట్టాల్సిందే. సొంత కార్లకి ఫాస్టాగ్ వార్షిక పాస్ 2025 ఆగస్టు 15న మొదలైంది, అప్పటి ధర 3,000 రూపాయలు, ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందయితే అది. వెళ్లడం ఒకటి, రావడం ఒకటిగా లెక్క, అంటే మీకు నాలుగున్నర నెలల్లో అయిపోతుంది. అయినా ఆ ధర లెక్కన ట్రిప్పుకి 15 రూపాయలే పడినట్టు. మళ్లీ కొనుక్కున్నా లాభమే.

ఈ20 పెట్రోలు (ఇరవై శాతం ఇథనాల్ కలిపింది) వచ్చాక మా కారు మైలేజీ 18 నుంచి 16కి పడిపోయింది. అంతా ఇథనాల్ వల్లేనా?

కొంత ఇథనాల్ వల్లే, అంతా కాదు. లీటరు పెట్రోలుతో పోలిస్తే లీటరు ఇథనాల్‌లో శక్తి మూడో వంతు తక్కువ. అంతకుముందు మీరు వాడింది పది శాతం కలిపిన పెట్రోలే కాబట్టి, పది నుంచి ఇరవైకి వెళ్తే లెక్క ప్రకారం తగ్గాల్సింది మూడున్నర శాతం, అంటే 18 కాస్తా 17.4 కావాలి. మిగతాది కారులో వెతకండి. ముందు టైర్లలో గాలి, తర్వాత ఎయిర్ ఫిల్టర్. ఆ తర్వాత ఒక అరగంట నడిపి ఆపి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి, తగలనివ్వకండి, ఒకటి మిగతా వాటికంటే బాగా వేడిగా ఉంటే ఆ బ్రేకు పట్టేస్తోందన్నమాట. మీటర్లో చూపించే మైలేజీని నమ్మకండి. ట్యాంకు ఫుల్ చేయించి, మళ్లీ అదే బంకులో మొదటిసారి ఆటోకట్ పడేదాకా కొట్టించి లెక్క కట్టండి. ఇలా మూడుసార్లు చేస్తే అసలు అంకె తెలుస్తుంది.

విజయవాడలో 2019 మోడల్ డీజిల్ కారు మంచి రేటుకి వస్తోంది. బుడమేరు వరదలో మునిగిన బండేమోనని భయం. ఎలా కనిపెట్టాలి?

భయపడటంలో న్యాయం ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లలో ఉన్న కార్లు ఎన్నో. శుభ్రం చేసి, సీటు కవర్లు మార్చి, సెంటు కొట్టి అమ్మితే పైకి ఏమీ తెలియదు. మెరుస్తున్న బానెట్ చూడొద్దు, ఎవరూ కడగని చోట్లు చూడండి.

సీట్ బెల్టు చివరిదాకా పూర్తిగా బయటికి లాగండి. రోజూ వాడే మొదటి రెండడుగులు తుడిచి ఉంటారు, లోపల చుట్టుకుని ఉండే భాగంలో మట్టి గీత అలాగే ఉండిపోతుంది. బుడమేరు ఒండ్రు మట్టి నేతలో దిగిందంటే అంత తేలిగ్గా వదలదు. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో వేలితో రుద్ది మట్టి ఉందేమో చూడండి. సీటు పట్టాల బోల్టులు తుప్పుపట్టాయా, ఫ్యూజ్ బాక్సు పిన్నుల మీద ఆకుపచ్చ పూత ఉందా చూడండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు ఒకసారి వెలిగి ఆరిపోవాలి, అసలు వెలగకపోతే ఎవరో దాన్ని కదిలించారని అర్థం.

తర్వాత ఒక బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదివే చిన్న పరికరం) పెట్టండి, వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. స్టీరింగ్ కింద సాకెట్‌లో పెట్టి ఫోన్ యాప్‌తో చూస్తే ఎర్రర్ కోడ్లు కనిపిస్తాయి. కోడ్లు లేవని సంతోషపడిపోకండి. చాలా కార్లలో కోడ్లు చెరిపేశాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా చూపిస్తుంది. ఆ అంకె 12 అని వచ్చిందంటే మీరు వస్తున్నారని తెలిసి పొద్దునే చెరిపేసినట్టు. టైరు పక్కన నాలుగంకెల తేదీ చదవండి, 2319 అంటే 2019లో 23వ వారం. నలభై వేలే తిరిగిందని చెబుతున్న కారుకి నాలుగు టైర్లూ ఎప్పుడో మారి ఉంటే సర్వీస్ రికార్డు అడగండి. ఇన్సూరెన్స్ క్లెయిముల చరిత్ర కూడా అడగండి, చూపించనంటే లేచి వచ్చేయండి.

ఇంకొక మాట, డీజిల్ కాబట్టి. మీరు పటమట నుంచి గవర్నర్‌పేట దాకా మాత్రమే తిరిగేవాళ్లయితే డీజిల్ వద్దు. కొత్త బీఎస్6 (ఇప్పటి కాలుష్య ప్రమాణం) బళ్లలో పొగ మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, అది శుభ్రపడాలంటే సైలెన్సర్ బాగా వేడెక్కాలి, నాలుగు కిలోమీటర్ల ప్రయాణంలో అది జరగదు. 2019 బండి బీఎస్4 అయి ఉండొచ్చు గానీ, రోజూ చిన్న దూరాలు దానికీ మంచివి కావు.

ఆడియో అప్‌గ్రేడ్‌కి 25 వేలు పెట్టుకున్నాను. షాపులో 1200 వాట్ల ఆంప్లిఫయర్, డిక్కీలో పెద్ద వూఫర్ పెడదాం అంటున్నారు. పెట్టించమంటారా?

వద్దండి. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కాస్త వివరంగా చెబుతాను.

ముందు ఆ 1200 సంగతి. చిన్న కారు ఆల్టర్నేటర్ ఇచ్చేదే 70 నుంచి 90 ఆంప్స్, అంటే 14 వోల్టుల దగ్గర మొత్తం వెయ్యి, పన్నెండొందల వాట్లు, అందులోనే హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాను, ఇంజిన్ అన్నీ నడవాలి. ఆంప్లిఫయర్ పక్కన ఉన్న ఫ్యూజు చూడండి, అది అబద్ధం చెప్పదు. 30 ఆంప్స్ ఫ్యూజు ఉందంటే లోపలికి వెళ్లేదే 420 వాట్లు, పాత రకం క్లాస్ ఏబీ అయితే బయటికి అందులో సగం కాస్త పైన వస్తుంది. డబ్బా మీద ఎంత రాసినా అంతే. అలాగే స్టీరియో మీద రాసే 50x4 కూడా నిజానికి చానెల్‌కి 15, 20 వాట్లే. అడగాల్సింది ఆర్ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగలిగే అసలు పవర్.

మీ డబ్బు ముందువైపు రెండు డోర్లలో పెట్టండి. కంపెనీ స్పీకర్ ఒకసారి విప్పి చేతిలో పట్టుకుంటే మీకే తెలుస్తుంది, కాగితం కోను, వేలెడంత అయస్కాంతం, బరువే ఉండదు. వాటి స్థానంలో ఆరున్నర అంగుళాల కాంపొనెంట్ స్పీకర్లు, అంటే ట్వీటర్ విడిగా ఉండేవి, ఎనిమిది తొమ్మిది వేలల్లో తీసుకోండి. రెండు డోర్లకి డ్యాంపింగ్ షీట్లకి, అంటే రేకు అదురు తగ్గించడానికి లోపల అంటించేవాటికి, మూడు నాలుగు వేలు. చిన్న నాలుగు చానెళ్ల ఆంప్లిఫయర్‌కి తొమ్మిది వేలు, మిగతాది మంచి రాగి వైరుకి. వెనక స్పీకర్లు ముట్టుకోవద్దు, ముందు కూర్చున్నవాళ్లకి వాటితో పనిలేదు.

డ్యాంపింగ్ షీట్ బ్యూటైల్‌దే (ఒకరకం రబ్బరు) వేయించండి. నేను ఒకప్పుడు చవగ్గా వస్తుందని తారు షీట్లు వేయించుకున్నాను. మే నెలలో కారు ఎండలో పెట్టి తీశాక తారు వాసన, ప్యాడ్ విప్పి చూస్తే నల్లగా కరిగి జిగురు డోరు అడుగుకి కారి, నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోయాయి. వానాకాలంలో డోరులో నీళ్లు నిలిచి తుప్పు మొదలైంది. మన ఎండకి తారు ఆగదు. బ్యూటైల్ వేసినా ఆ రంధ్రాలు మూయకుండా మీరు పక్కన నిలబడి చూసుకోండి.

కంపెనీ వైరు కత్తిరించనివ్వొద్దు, మీ మోడల్‌కి సరిపోయే కప్లర్ తెమ్మనండి. బ్యాటరీ నుంచి వచ్చే వైరుకి అడుగున్నర లోపే ఫ్యూజు ఉండాలి, లేకపోతే ఎక్కడైనా రాపిడి తగిలితే మంట పుడుతుంది. యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ స్పీకర్లో కూత పెరిగితే ఎర్త్ సరిగ్గా పడలేదని అనుమానించండి, పెయింటు గీకి బాడీ లోహానికి బిగించమనండి.

షాపులో వాళ్లు బేస్ దద్దరిల్లే పాటే పెడతారు, అప్పుడు ఏ స్పీకరైనా గొప్పగానే ఉంటుంది. మీరు ఘంటసాల పాత పాట ఏదైనా పెట్టమనండి. ఆ రికార్డింగులు మోనో, రెండు వైపులా ఒకటే ధ్వని, కాబట్టి గొంతు డ్యాష్‌బోర్డు మధ్యలోంచి రావాలి. మీరు కుడివైపు కూర్చుంటారు గనక కాస్త కుడికి లాగినట్టు ఉంటే బ్యాలెన్స్ ఎడమకి ఒకటి రెండు గీతలు జరపండి. గొంతు గొట్టంలోంచి వచ్చినట్టున్నా, స, శ దగ్గర చెవిలో గుచ్చుకున్నా ఆ స్పీకర్లు వద్దు. వూఫర్ తర్వాత చూడొచ్చు, ఆరు నెలలు ఇలా విన్నాక ఇంకా కావాలనిపిస్తే సీటు కింద పట్టే చిన్నది చాలు.

వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటో వారధి దాటేలోపు రెండుసార్లు కట్ అవుతోంది.

ఫోన్‌లోని మ్యాపులు, పాటలు కారు తెర మీదికి తెచ్చే ఈ ఆండ్రాయిడ్ ఆటో కనెక్షన్ బ్లూటూత్‌తో మొదలై తర్వాత వైఫై మీద నడుస్తుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆండ్రాయిడ్ ఆటోకి బ్యాటరీ పొదుపు ఆపేయండి, కారులో పాత ఫోన్లన్నీ తీసేసి మళ్లీ జత చేయండి. మధ్యాహ్నమే ఎక్కువ కట్ అవుతుంటే వేడి కారణం కావచ్చు, వైర్‌లెస్ చార్జర్ మీద నుంచి ఫోన్ తీసి ఏసీ గాలి తగిలేచోట పెట్టి చూడండి. అప్పటికీ ఆగకపోతే మీటరు లోపు పొడవున్న డేటా కేబుల్ కొనండి. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు చూడటానికి అలాగే ఉంటాయి, కొనేముందు షాపులోనే ఫోన్ కంప్యూటర్‌కి పెట్టి ఒక ఫొటో కాపీ చేసి చూసుకోండి.