ఆ పాత స్టాంపు కాగితం ముట్టుకోవద్దు

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా పేట శ్మశానం ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన రోజుల నాటిదని పెద్దలు చెబుతారు. పక్క చేపల చెరువు ఆసామి తొమ్మిదేళ్లుగా గట్టు లోపలికి జరుపుతూ వచ్చాడు. మా నాయనమ్మ సమాధి సగం నీళ్లలో ఉంది, రాయి మీద అక్షరాలు పెచ్చులూడుతున్నాయి. పద్నాలుగు నెలల క్రితం దారి కూడా మూసేశాడు. నిద్ర పట్టడం లేదండీ. పాత కామందు మనవడు, వాళ్ల తాత ఇచ్చినట్టు పాత స్టాంపు కాగితం మీద దానపత్రం రాసిస్తానంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: ఆనకట్ట 1852లో పూర్తయింది. శ్మశానం అప్పటిదే కావచ్చు. కానీ కోర్టు ముందు అడిగేది సర్వే నంబరు, మీ ఉత్తరంలో అదే లేదు! రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో (పాత సర్వే నాటి ప్రభుత్వ భూమి రికార్డు) ఆ నంబరు ఎదురుగా 'శ్మశానం పోరంబోకు' (అంటే శ్మశానానికి వదిలిన ప్రభుత్వ భూమి) అని ఉందా, ఎవరి జిరాయితీగానో, అంటే సొంత పట్టా భూమిగానో ఉందా? కేసంతా ఆ ఒక్క గడిలో ఉంది.

పోరంబోకు అయితే తొమ్మిదేళ్ల అనుభవంతో ఆసామికి హక్కు రాదు. ప్రభుత్వ భూమికి లిమిటేషన్, అంటే దావా వేసే గడువు, 30 ఏళ్లు. జిరాయితీ అని తేలితే మాత్రం లెక్క మారిపోతుంది. అక్కడ గడువు 12 ఏళ్లే, పైగా ఊరి ఆచారంగా పూడుస్తున్నామని మీరే రుజువు చేసుకోవాలి.

ఇప్పుడు ఆ దానపత్రం. పాత తేదీ వేయడం ఫోర్జరీ. స్టాంపు వెనక అమ్మినవారి నంబరు, తేదీ ఉంటాయి, దొరికిపోతారు. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. ఆ కాగితం తీసుకుంటే అది కామందు సొంత భూమి అని మీరే ఒప్పుకున్నట్టు. చేతిలో ఉన్న పోరంబోకు వాదన మీ సంతకంతోనే పోతుంది.

దారి విషయంలో మాత్రం టైమ్ లేదు. 20 ఏళ్లు ఆటంకం లేకుండా నడిచిన దారికి ఈజ్‌మెంట్ హక్కు (వేరొకరి భూమి మీదుగా నడిచే హక్కు) ఉంది గానీ, మూసిన రెండేళ్లలోపు దావా వేయాలి. మీకు పది నెలలే మిగిలాయి. తొమ్మిదేళ్లు చూస్తూ కూర్చున్నట్టు ఇదీ పోగొట్టుకోకండి.

ముందు తహసీల్దారు ఆఫీసులో ఆ రిజిస్టర్ నకలు, ఎఫ్‌ఎంబీ స్కెచ్ (ఆ సర్వే నంబరు కొలతల పటం) తీసుకోండి. రీసర్వే అయిన ఊరైతే పాత సర్వే నంబరు బదులు ఇచ్చిన కొత్త ఎల్‌పీఎం నంబరు కూడా చూడండి. పోరంబోకు అయితే 1905 భూ ఆక్రమణల చట్టం కింద నోటీసు ఇచ్చి ఖాళీ చేయించమని అర్జీ పెట్టి, రసీదు అడిగి తీసుకోండి. అధికారులు కదలకపోతే, వాళ్లను ఆదేశించమని హైకోర్టులో రిట్ వేయవచ్చు. పట్టుబడికి చెరువు ఎండగట్టిన రోజునే, రాళ్ల మీద పేర్లు, సంవత్సరాలు కనబడేలా ఫోటోలు తీసి పెట్టుకోండి.