పన్నుల్లేని రాష్ట్రంలో పన్ను బిల్లు

ప్రశ్న: అన్నా, నమస్తే. మేం హెచ్-1బి మీద హైదరాబాద్ నుంచి వచ్చి ఏడాదైంది. నా ఆఫీసు మసాచుసెట్స్‌లోని బర్లింగ్టన్‌లో. అద్దెకి మాత్రం న్యూ హాంప్‌షైర్‌లో, బోర్డర్‌కి దగ్గరగా ఒక చిన్న ఊళ్లో ఉంటున్నాం. టాక్సులు ఉండవు కాబట్టి ఇక్కడే ఇల్లు కొనుక్కోమని ఫ్రెండ్స్ అంటున్నారు. మా పక్కింటాయన చాలా మంచివాడు. మంచు పడితే మా వాకిలి కూడా ఆయనే శుభ్రం చేస్తాడు. మొన్న ఒక కాగితం తెచ్చి, స్కూలు బడ్జెట్ తగ్గించాలంటూ సంతకం అడిగాడు. ఆయన ‘ఫ్రీ స్టేటర్’ అని ఎదురింటావిడ గొంతు తగ్గించి మరీ చెప్పింది. మా పాప వచ్చే ఏడాది కిండర్‌గార్టెన్‌కి వెళ్తుంది. సంతకం పెట్టమంటారా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ కాగితం సంగతి. సంతకం పెట్టకు. బడ్జెట్ తగ్గాలా, పెరగాలా అన్నది తర్వాత మాట్లాడుకుందాం. టౌన్ మీటింగ్‌కి, అంటే ఊరి ఓటర్లంతా కూడి బడ్జెట్ తేల్చే సభకి, వెళ్లే పిటిషన్ మీద ఆ ఊళ్లో ఓటరుగా నమోదైనవాళ్లే సంతకం పెట్టాలి, పాతిక మంది చాలు. నీ సంతకం చెల్లదు. చెల్లకపోతే పోనీలే అనుకుంటావేమో, అసలు భయం ఇంకోటుంది. ఈ రాష్ట్రంలో పోలింగ్ రోజున అక్కడికక్కడే ఓటు నమోదు చేసుకోవచ్చు. “నువ్వూ ఇక్కడే ఉంటున్నావు కదా, రా” అని ఎవరో ఉత్సాహంగా ఫారం చేతిలో పెడతారు. అందులో అమెరికా పౌరుణ్ని అని ఒప్పుకుంటూ సంతకం చేయాలి. చేశావంటే గ్రీన్‌కార్డు మాట అటుంచి, దేశం విడిచి పొమ్మనే దాకా రావచ్చు. తెలియక చేశానంటే జాలిపడే రకం కాదు ఇమిగ్రేషన్ వాళ్లు. “నాకింకా ఓటు లేదండీ” అనే ముక్క నోటికి బాగా అలవాటు చేసుకో.

ఇక ‘టాక్సులు లేవు’ అన్న మాట. జీతం మీద రాష్ట్రం పన్ను వేయదు, నిజమే. షాపులో సేల్స్ టాక్స్ లేదు, అదీ నిజమే. వడ్డీ, డివిడెండ్ల మీద ఉన్న పన్ను కూడా 2025 జనవరి నుంచి ఎత్తేశారు. రెస్టారెంట్‌లో తింటే మాత్రం బిల్లు మీద 8.5 శాతం వడ్డిస్తారు. కానీ నీ ఆఫీసు బర్లింగ్టన్‌లో కదా. అక్కడ కూర్చుని పనిచేసిన రోజుల జీతం మీద మసాచుసెట్స్ తన 5 శాతం తాను పట్టుకుంటుంది, రాత్రి నువ్వు ఏ రాష్ట్రంలో పడుకున్నా సరే. కోవిడ్‌లో ఇంట్లోంచి పనిచేసినవాళ్ల దగ్గర కూడా వసూలు చేస్తే న్యూ హాంప్‌షైర్ ఏకంగా అమెరికా సుప్రీంకోర్టుకెక్కింది. 2021 జూన్‌లో కోర్టు ఆ కేసు వినడానికే ఒప్పుకోలేదు. కాబట్టి నీ ఫ్రెండ్స్ చెప్పే లాభంలో నీకెంత మిగులుతుందో తెలియాలంటే, వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకి వెళ్తున్నావో లెక్కేసుకో.

మరి స్కూళ్లు దేంతో నడుస్తాయి? మన ఇళ్ల మీద వేసే పన్నుతో. ఇది నాకు తెలిసొచ్చిన తీరు చెప్తాను. మేం కొన్నది కొత్తగా కట్టిన ఇల్లు. ఏజెంటు చూపించిన పన్ను చూసి, ఇంతేనా అని మురిసిపోయాం. ఇక్కడ ఏప్రిల్ 1న ఆస్తి ఎలా ఉందో చూసి విలువ కడతారు. ఆ రోజుకి మా ఇల్లు సగం గోడల్లో ఉంది. అంటే మేం చూసింది స్థలానికి, నాలుగు చెక్కలకి వేసిన పన్ను! మరుసటి ఏడాది పూర్తి ఇంటికి బిల్లొచ్చింది. బ్యాంకువాళ్లు ఎస్క్రోలో, అంటే మన తరఫున పన్ను కట్టడానికి వాళ్లు దాచే ఖాతాలో, డబ్బు తగ్గిందని నెలవారీ వాయిదా ఒక్కసారిగా పెంచేశారు. మా ఆవిడ ఆ ఉత్తరాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించి, ఏడాది పాటు తీయనివ్వలేదు.

ఆ బిల్లులో నాలుగు వరసలుంటాయి. ఊరి ఖర్చు, కౌంటీ ఖర్చు, ఊరి స్కూలు ఖర్చు, రాష్ట్రం పేరు మీద స్కూలుకి వసూలు చేసేది. వెయ్యి డాలర్ల విలువకి ఇంత అని రేటు. ఉదాహరణకి రేటు 20 అనుకో, ఇంటి విలువ 5 లక్షల డాలర్లనుకో, ఏడాదికి 10,000 డాలర్లు. మా బిల్లులో సగం పైన స్కూలుదే. అద్దె ఇంట్లో ఉన్నావు కదా అని నిశ్చింతగా ఉండకు, ఓనరు అది నీ అద్దెలోనే కలిపేసి ఉంటాడు. మనవైపు మున్సిపాలిటీకి కట్టే ఇంటి పన్నుకీ, ప్రభుత్వ హైస్కూలు టీచరు జీతానికీ లంకె ఉండదు, జీతం రాష్ట్రం ఇస్తుంది. అందుకే మనవాళ్లకి ఇది ఓ పట్టాన అర్థం కాదు.

చదువుకి డబ్బివ్వాల్సింది రాష్ట్రమేనని ఈ రాష్ట్ర సుప్రీంకోర్టు క్లేర్‌మాంట్ కేసుల్లో 1993లో, మళ్లీ 1997లో చెప్పింది. గొడవ ఇప్పటికీ తెగలేదు. ఒక్కో పిల్లవాడికి రాష్ట్రం ఏడాదికి ఇచ్చే ప్రాథమిక మొత్తం 4,100 డాలర్ల చిల్లర ఉన్నప్పుడు, కనీసం 7,356 ఉండాలని 2023లో ఒక జడ్జి అన్నాడు. ఇచ్చేది చాలదన్న మాటని 2025 జులైలో సుప్రీంకోర్టూ సమర్థించింది. అసలు ఖర్చు సగటున 20,000 పైనే. మిగతాదంతా ఊరివాళ్ల నెత్తిన. సముద్రం ఒడ్డున ఖరీదైన ఇళ్లున్న పోర్ట్స్‌మత్‌లో తక్కువ రేటుతోనే బండి నడుస్తుంది. క్లేర్‌మాంట్ లాంటి పాత మిల్లుల ఊళ్లో రేటు ఎంత వేసినా గిట్టుబాటు కాదు.

నీ పక్కింటాయన లాంటివాళ్లు వచ్చింది ఈ రాష్ట్రానికే ఎందుకంటావా? 2001లో జేసన్ సోరెన్స్ అనే పరిశోధక విద్యార్థి ఒక వ్యాసం రాశాడు. ప్రభుత్వం వీలైనంత తక్కువగా ఉండాలనేవాళ్లం ఇరవై వేల మంది ఒకే చిన్న రాష్ట్రానికి చేరితే మాట చెల్లుతుందని దాని సారాంశం. 2003లో ఓటు వేసుకుని న్యూ హాంప్‌షైర్‌ని ఎంచుకున్నారు. ఫ్రీ స్టేటర్లంటే వీళ్లే. వస్తామన్న సంతకాలు ఇరవై వేలకి చేరింది 2016లో. అందరూ రాలేదనుకో, వచ్చినవాళ్లు మాత్రం చేతులు కట్టుకు కూర్చోలేదు. ఇక్కడి ప్రతినిధుల సభలో 400 సీట్లు, సభ్యుడి జీతం ఏడాదికి 100 డాలర్లు. నాలుగు వీధులు తిరిగే ఓపికుంటే గెలవచ్చు.

ఎదురింటావిడ గొంతు తగ్గించడానికి కారణం బహుశా క్రాయ్‌డన్. ఎనిమిది వందల జనాభా ఉన్న ఊరు. బళ్లో నాలుగో తరగతి దాకానే. పెద్ద పిల్లల్ని పక్క ఊళ్లకి పంపి ఫీజు ఊరే కడుతుంది. 2022 మార్చి 12న మంచు పడుతుండగా స్కూలు మీటింగ్ జరిగింది. 17 లక్షల డాలర్ల బడ్జెట్‌ని 8 లక్షలకి తగ్గిద్దామని ఊరి బోర్డు సభ్యుడొకాయన లేచి ప్రతిపాదించాడు. ఆయన ఫ్రీ స్టేటర్. ఆయన భార్యే స్కూల్ బోర్డు అధ్యక్షురాలు. ఓటు పెట్టారు, 20 మంది సరే, 14 మంది వద్దు. అయిపోయింది! ముప్పై నాలుగు మంది ఓటేస్తే ఊరి చదువు సగం కోసుకుపోయింది.

తర్వాత జరిగింది నాకు ఇంకా నచ్చింది. ఆ నిర్ణయాన్ని తిరగదోడాలంటే ఊరి ఓటర్లలో కనీసం సగం మంది ప్రత్యేక మీటింగ్‌కి రావాలి, అంటే 283 మంది. బడ్జెట్ తగ్గించిన పక్షంవాళ్లు ఇంట్లోనే కూర్చోమని ప్రచారం చేశారు, కోరం లేకపోతే వాళ్లదే గెలుపు కదా. తల్లిదండ్రులు, ముసలివాళ్లు ఇల్లిల్లూ తిరిగారు. మే 7న 379 మంది వచ్చారు. బడ్జెట్ తిరిగి పెట్టడానికి 377 ఓట్లు, వ్యతిరేకంగా రెండు.

ఫ్రీ స్టేటర్ల వాదనలో పస లేదని నేననను. మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నాడు. భార్య పోయింది, వచ్చేది పెన్షన్. ఇంటి విలువ పెరిగింది, పన్నూ పెరిగింది, రాబడి పెరగలేదు. ఆయన మీటింగ్‌లో లేచి మాట్లాడితే నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. నాకు చిరాకల్లా మన వాట్సాప్ గ్రూపు మీద. పొద్దున “ఇక్కడ టాక్స్ దారుణం” అంటారు, సాయంత్రం “స్కూల్ రేటింగ్ 10 ఉన్న ఊరు చెప్పండి” అంటారు. ఇద్దరూ ఒకే మనిషి!

ఇల్లు కొనేముందు ఆ ఇంటి పన్ను కార్డు టౌన్ హాల్లో అడిగి చూడు. ఎవరికైనా చూపిస్తారు. ఊరు ఎలా ఓటేస్తుందో కూడా కనుక్కో. కొన్ని ఊళ్లలో హాల్లో చేతులెత్తి తేల్చేస్తారు. కొన్నింటిలో హాల్లో చర్చ మాత్రమే, ఓటు మార్చి రెండో మంగళవారం బ్యాలెట్ మీద. నాషువా లాంటి సిటీల్లో ఈ మీటింగులే ఉండవు. నీ ఇంటి విలువ ఎక్కువ కట్టారనిపిస్తే మార్చి 1 లోపు తగ్గించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు, దానికి పౌరసత్వం అక్కర్లేదు.

జనవరి, ఫిబ్రవరిలో బడ్జెట్ మీద బహిరంగ విచారణ జరుగుతుంది. ఓటు లేకున్నా వెళ్లి కూర్చో. టౌన్ హాల్ తలుపు మీద ‘వారెంట్’ అని నోటీసు కనిపిస్తే హడలిపోకు, ఎవర్నీ అరెస్టు చేయరు. మీటింగ్ ఎజెండాకి ఇక్కడ ఆ పేరు. మొదటిసారి చూసి నేను రెండు నిమిషాలు నా పేరుందేమోనని వెతికాను. స్కూలు జిమ్‌లో ఇనప కుర్చీల మీద కూర్చోవాలి, దళసరి స్వెట్టర్ వేసుకెళ్లు.

పక్కింటాయనకి సంక్రాంతికి అరిసెలు ఇచ్చి రా. కాగితం మళ్లీ తీస్తే ఏం చెప్పాలో నీకు తెలుసు.